మొగపాలెం ఒట్టు

గురునాథరావు కూర్చోగా చూసినవాళ్ళు లేరు. చూశామని ఎవరైనా అన్నారంటే వాళ్ళు అబద్ధమైనా ఆడుతుండాలి, ఆ వేళకి ఆయనకి జ్వరమైనా వచ్చి ఉండాలి. మద్దిలపాలెం డిపోలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కండక్టరుగా చేసిన మనిషి. పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడే టికెట్లు కొట్టాడు. రిటైరై కూర్మన్నపాలెంలో చిన్న ఇల్లు కట్టుకున్నాక, పోనీ ఇప్పుడైనా కూర్చుంటాడేమోనని పడక్కుర్చీ ఒకటి కొన్నారు. దాని మీద ఉతికిన బట్టలు హాయిగా పడుకుంటున్నాయి. భార్య కనకరత్నం ఆయన్ని కాలుకాలిన పిల్లి అంటుంది. చాటుగా కాదు, మొహం మీదే.

"ఏటండీ, మళ్ళీ బయల్దేరిపోతన్నారా? టీ అయినా తాగెల్లండి."

"వచ్చి తాగుతాను."

"మీరొచ్చినప్పటికి టీ సల్లారిపోద్ది, నాను ముసిల్దాన్నయిపోతాను."

ఆ మాట పూర్తయ్యేసరికి గేటు చప్పుడైంది.

ఆయన వెళ్ళేది మొగపాలేనికి. సర్వీసు చివర్లో ఆయన తిరిగిన రూటు అది. కొండల్లోంచి దిగివచ్చే గెడ్డ ఒకటి అక్కడ సముద్రంలో పడుతుంది. ఏరు సముద్రంలో పడే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు, ఊరి పేరు అందుకే వచ్చింది. అంతా వేటకెళ్ళే కుటుంబాలే. తెల్లారి మొదటి బస్సు కోసం కాశమ్మ చేపల గంప పక్కన పెట్టుకుని నిలబడేది, ఆవిడ వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు. గంపలు చూసి ఆపకుండా పోయే బస్సులే ఎక్కువ. గురునాథరావు ఆపించేవాడు. లోపల ఎవరైనా వాసనని గొణిగితే, "వాసనొత్తే ముక్కు మూసుకోండి బాబూ, సాయంత్రం కూర దగ్గర తెరుసుకుందురు గానీ" అనేవాడు. ఆ ఒక్క మాటతో మొగపాలెం ఆయన్ని తనలో కలిపేసుకుంది.

రెండేళ్ళ కిందట ఆ మొగ దగ్గర ఎర్ర జెండాలు కట్టిన కర్రలు పాతారు. ఏదో కంపెనీ అక్కడ రిసార్టు కడుతుందట, షికారు పడవలకి జెట్టీ కడుతుందట. అందుకోసం మొగ పూడ్చి, గెడ్డని కాలువలో పెట్టి పక్కకి తిప్పి, ఒడ్డు పొడుగునా రాళ్ళగోడ వేస్తారట. గెడ్డ నీరు, ఉప్పునీరు కలిసే చోటనే చేప గుడ్లు పెడుతుంది. ఆ పక్కనున్న చదును ఇసక మీదికే ఊరు తన పెద్దవల లాగుతుంది. గోడ లేచిందంటే ఆ రెండూ పోతాయి. అవి పోతే ఊళ్ళో ఇళ్ళు మిగులుతాయి గాని ఇళ్ళల్లో మనుషులు మిగలరు.

ఇందులో గురునాథరావుకి పోయేదేముంది? ఆయనకి పడవ లేదు, వల లేదు. చేప తినడమే గాని పట్టడం తెలీదు. కనకరత్నం ఇదే మాట చాలాసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా ఆయన చెప్పులేసుకున్నాడు.

జవాబు పాతది. ఆయన పుట్టిన ఊరు ఇవాళ లేదు. ఆయన చిన్నప్పుడే ఒక ఫ్యాక్టరీ కింద పోయింది. భూముల సంగతి మాట్లాడ్డానికి పెద్దాఫీసర్లు వస్తున్నారు, ఊరంతా బడి దగ్గరికి రావాలని ముందురోజు డప్పు వేశారు. తెల్లారేసరికి సగం ఊరు పొలాల్లో ఉంది. బడి దగ్గర్నుంచి గట్ల వెంబడి పరిగెత్తుకొచ్చిన కొడుకు, "అయ్యా, మీటింగుకి రావేటి? నిన్ను అడగతన్నారు" అని రొప్పుతూ అంటే, అయ్య వంచిన నడుం ఎత్తలేదు. కొడవలి ఆపలేదు.

"సేను కోతకొచ్చింది కదరా గుంటా" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో కోత కొయ్యడానికి చేను మిగల్లేదు. ఆ రోజు అయ్య వెళ్ళి నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? గురునాథరావు మాత్రం చెప్పేవాడు, ఊరు నిలబడేదని. అయ్య బతికున్నన్నాళ్ళూ ఆ కోపం పోలేదు. అయ్య పోయాకా పోలేదు. ఎక్కడ మీటింగు ఉందన్నా అందరికన్నా ముందు వెళ్ళి నిలబడేవాడు, యూనియన్ మీటింగైనా, వీధిలో కుళాయి కోసం పెట్టిన మీటింగైనా. ఆ కోపమే ఆయన్ని కూర్చోనిచ్చేది కాదు.

మొగపాలెం వాళ్ళని ఒక చోట కూడేయడమంటే కప్పల తక్కెడే. తప్పు వాళ్ళది కాదు, పెద్దవలది. ఆ వల రోజూ వెయ్యరు. ఇసక దిబ్బ మీద ఒకడు నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉంటాడు. చేపల గుంపు ఒడ్డుకి దగ్గరగా వచ్చిందా, తలగుడ్డ విప్పి ఊపుతాడు. పడవ ఆ గుంపు చుట్టూ వల దింపి వస్తుంది. రెండు తాళ్ళ కొసలూ ఒడ్డునున్నవాళ్ళ చేతిలో పడతాయి. ఇక ముసలీ ముతకా, ఆడా మగా అంతా తాడు పట్టాల్సిందే. తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంది. అది ఊరి కట్టుబాటు, ఎవరూ మార్చలేరు. గుంపు ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పడానికి మాత్రం చేపకి డప్పు లేదు.

గురునాథరావు మొదటి మీటింగు పెట్టి, లాయరుగారి చేత మాట్లాడిస్తుండగా గుడ్డ ఊగింది. లాయరుగారు ఖాళీ చాపలకి చట్టం చెప్పి వెళ్ళిపోయారు. రెండోసారి పేపరువాళ్ళని పిలిచాడు. ఆ పూటా అంతే. ఫొటో తీసుకోవడానికి వాళ్ళకి దొరికింది ఒక మేక.

అంతలో ప్రజాభిప్రాయ సేకరణకి తేదీ వచ్చింది. ప్రభుత్వం తరఫున అధికారి మొగపాలేనికే వచ్చి, కంపెనీ ఏం కట్టబోతోందో చదివి వినిపించి, అభ్యంతరాలుంటే అక్కడే వింటారు. మొత్తం వీడియో తీస్తారు. ఆ రోజున ఊరు నోరు విప్పకపోతే ఊరికి అభ్యంతరం లేనట్టే. గురునాథరావుకి తిండి సహించలేదు. వలకి పెద్దగా ఉండే ఎల్లాజీని, కాశమ్మని నూకాలమ్మ గుడి దగ్గర పట్టుకున్నాడు.

"ఈసారి గుంపొచ్చినా ఎవులూ లెగకూడదు. మీటింగు అయిపోయేవరకు కుర్సీ ఒదలకూడదు."

ఎల్లాజీ బీడీ పారేశాడు. "అదెలగవుద్ది బాబూ? సేపొత్తే కాళ్ళు ఆగవు కదా."

"అందుకే ఒట్టెయ్యండి. అమ్మోరి మీద, నా సేతిలో సెయ్యేసి."

కాశమ్మ ఆయన మొహంలోకి చూసింది. బస్సులో చిల్లర లేనప్పుడు కూడా ఆయన ఇంత కఠినంగా మాట్లాడ్డం ఆవిడ వినలేదు. "ఒట్టంటే ఆటనుకున్నావేటి? పుచ్చుకున్నోడు ఒదిల్తేనే ఒదుల్తాది. మాకు మేం ఒదులుకుంటే అమ్మోరు సూత్తూరుకోదు" అంది.

"నాను ఒదలను గాక ఒదలను. ఏసీయండి."

ఎల్లాజీ వేశాడు. కాశమ్మ వేసింది. సాయంత్రానికి ఊరంతా వరసలో వచ్చి ఆయన అరచేతిలో చేయి వేసి వెళ్ళింది. తాళ్ళు లాగి కాయలు కాసిన చేతులు. ఇంటికి వచ్చాక కూడా అరచెయ్యి గరగరలాడుతూనే ఉంది. గెలిచేశాననుకున్నాడు వెర్రి మనిషి.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున తుపాను షెల్టరు పక్కన షామియానా వేశారు. ఎదర బల్ల దగ్గర అధికారి హరిచందన, చిన్న వయసు, మొహం నిండా చెమట. పక్కన కంపెనీ తరఫున మోహనకృష్ణ, ఇస్త్రీ నలగని చొక్కా. ఓ మూల వీడియో కెమెరా. ఊరు ఊరంతా వచ్చింది. పిల్లల్ని చంకనెత్తుకుని ఆడవాళ్ళు, కర్రలు పొడుచుకుంటూ ముసలివాళ్ళు, ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. దిబ్బ మీద చూసేవాడు కూడా వచ్చి కూర్చున్నాడు. గురునాథరావు మాత్రం వెనక ఆ కొస నుంచి ఈ కొసకి, ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతున్నాడు. జేబులో మడిచిన కాగితం మీద ఆయన మాట్లాడబోయేది ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాడు. మళ్ళీ తడిమాడు. సముద్రం వంక చూడకూడదనుకున్నాడు, చూశాడు. బోసిగా ఉంది. నెల రోజులుగా అలాగే ఉంది. ఇళ్ళల్లో ఎండు చేప కూడా అయిపోయిందని కాశమ్మ మొన్ననే అంది. ఇవాళ ఒక్క పూటా అలాగే ఉండు తల్లీ అనుకున్నాడు. అనుకున్నాక సిగ్గేసింది. ఒకళ్ళ పొయ్యి మీదికి ఏమీ రాకూడదని మొక్కుకోవడమేమిటి!

మోహనకృష్ణ నివేదిక చదవడం మొదలుపెట్టాడు. ఎన్ని ఉద్యోగాలో, ఎన్ని చెట్లు నాటుతారో చెప్పాడు. "ప్రతిపాదిత స్థలానికి ఆనుకుని ఉన్న తీరంలో ప్రస్తుతం చేపల వేట సాగడం లేదు" అని చదివేసరికి కుర్చీల్లో కలకలం రేగింది. ఆ వాక్యం కోసమే గురునాథరావు కాగితం రాసుకున్నాడు. చెయ్యి జేబులోకి పోయింది.

అప్పుడు పక్షులు దిగాయి.

మొగకి ఎదురుగా, ఒడ్డుకి బాగా దగ్గర్లో, నీళ్ళు నల్లబడి కుతకుతలాడుతున్నాయి. పైన పక్షులు గోలగోలగా కిందికి పడి లేస్తున్నాయి. చేప తెలియని గురునాథరావుకి కూడా అర్థమైంది. కవళ్ళ చేపలు! ఇంత గుంపు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప.

ఊరంతా చూసింది. ఒక్కరూ లేవలేదు.

లేచి పరిగెత్తి ఉంటే ఆయన తిట్టేవాడు, చేతులు అడ్డం పెట్టేవాడు, ఎలాగో గడిచేది. లేవకపోవడమే ఆయన చూడలేకపోయాడు. ఎల్లాజీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. దిబ్బ మీద ఉండాల్సినవాడు తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని నలుపుతున్నాడు. ఓ ముసలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. కాశమ్మ సముద్రం వైపు కాకుండా వెనక్కి తిరిగి గురునాథరావు వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, దెప్పడం లేదు. మాటిచ్చింది గనక కూర్చుంది, అంతే. చెంప మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

వీళ్ళని ఆపితే ఇవాళ ఊరి మాట రికార్డులోకి ఎక్కుతుంది, మొగ దక్కుతుందేమో. వదిలితే కుర్చీలు ఖాళీ. మళ్ళీ అదే బడి, అదే మీటింగు, అదే అయ్య. ఇంత తిరిగింది ఆ రోజు మళ్ళీ రాకూడదనే కదా! షామియానా గుంజ పట్టుకున్నాడు. నీళ్ళలో ఆ నలుపు మెల్లగా ఉత్తరానికి జరుగుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే ఎవరికీ దక్కదు.

"ఒట్టు తీసి గట్టున పెట్టీసేను!" అని అరిచాడు. గొంతు చీలిపోయింది. "ఇనబడిందా? తీసీసేను! ఎల్లండి! ఎల్లండర్రా బాబూ, ఎల్లిపోతన్నాది!"

ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత కుర్చీలు పడిపోయిన చప్పుడు. చీరలు ఎగదోపుకుంటూ, లుంగీలు బిగిస్తూ ఊరు ఊరే ఇసకలోకి దూకింది. షామియానా కింద ఇద్దరు చంటిపిల్లలు, వాళ్ళని పట్టుకున్న ఓ గుడ్డి తాత, గురునాథరావు మిగిలారు.

మోహనకృష్ణ మైకు చేత్తో మూసి మెల్లగా అన్నాడు. "మేడం, చూశారుగా. నమోదు చేసుకోవచ్చు. అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు."

హరిచందన అయోమయంగా పడిపోయిన కుర్చీల వంక చూసింది. చిరాకు కూడా పడింది. "ఏమండీ పెద్దాయనా, సభ వీళ్ళ కోసమే కదా? మధ్యలో వదిలేసి అంతా ఎటు పోయారు?"

గురునాథరావు మైకు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కాగితం తీశాడు. ఎన్నో రోజులు కొట్టేసి, మళ్ళీ రాసి, కనకరత్నానికి చదివి వినిపించి విసిగించిన కాగితం. అక్షరాలు కనబడలేదు. నోరు తెరిస్తే, తను ఎన్నడూ క్షమించని మాట దానంతట అదే వచ్చింది.

"సేను కోతకొచ్చింది కదమ్మా."

తన గొంతులో అయ్య గొంతు వినబడి అలాగే నిలబడిపోయాడు.

"ఇక్కడ చేనెక్కడుందండీ?" అని మోహనకృష్ణ నవ్వాడు.

"అదుగో. నీళ్ళ మీద." గురునాథరావు చెయ్యి చూపించాడు. "మీ కాయితంలో ఏట లేదని రాసేరు కదా. ఇప్పుడా వల ఎక్కడికి లాగుతారో వచ్చి సూడండి. నా మాట అదేనమ్మా. ఇంకేటీ లేదు." కాగితం మడిచి బల్ల మీద పెట్టేశాడు.

పడవ వల దింపి తిరిగి వచ్చేసరికి ఒడ్డు నుంచి కేక వచ్చింది. కాశమ్మ. "కండక్టర్ బాబూ! సేతులు సాలట్లేదు, రా!"

ఆయన చెప్పులు వదిలి పరిగెత్తాడు.

పెద్దవల తాడు పట్టడం ఆయనకి అదే మొదలు. బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. పక్కనున్న ఎల్లాజీ కసిరాడు. "తొందరపడకు బాబూ! వల సిరిగిపోద్ది. అందరితో పాటు ఎనక్కి అడుగెయ్యి, అంతే." ఊరంతా ఒక్క అడుగు వెనక్కి, ఆగి, మరో అడుగు. ముందుకి పోవడమే తెలిసిన మనిషి వెనక్కి నడవడం నేర్చుకోవాల్సి వచ్చింది. అరచేతులు మండాయి. ఆ మంటలోనే ఆయనకి అయ్య వంగిన వీపు కనబడింది. అయ్య తెలివితక్కువ మనిషి కాదు, పిరికివాడూ కాదు. ఏడాది పొడుగునా పెంచిన పంట ఎదురుగా రాలిపోతుంటే ఏ మనిషైనా బడి దగ్గర కూర్చుంటాడా? తప్పు కోతకి వెళ్ళినవాడిది కాదు, కోతల రోజున మీటింగు పెట్టినవాళ్ళది. యాభై ఏళ్ళ తర్వాత ఈ సంగతి తెలిసి, చెప్పుకోవడానికి అయ్య లేడని గుర్తొచ్చి, తాడు పట్టుకునే గురునాథరావు ఏడ్చాడు. ఒళ్ళంతా ఉప్పునీళ్ళే గనక ఎవరూ పట్టించుకోలేదు.

వెనక్కి వెనక్కి వస్తున్న తాడు ఎర్ర జెండాల కర్రల మధ్యకి వచ్చింది. రెండు కర్రలు వాలిపోయాయి. అప్పుడు చూశాడు, కర్రల పక్కన హరిచందన నిలబడి ఉంది, ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని. కెమెరా అతన్ని పక్కకి పిలిచి, "తాడు దగ్గర్నుంచి వల దాకా తియ్యండి. ఈ జెండాలు కూడా పడాలి" అంటోంది.

"మా సర్వేవాళ్ళు వచ్చిన రోజున ఎవరూ వల వెయ్యలేదు మేడం" అన్నాడు మోహనకృష్ణ వెనక నుంచి. అబద్ధమేమీ కాదు పాపం. చేప రాని రోజున వల ఎవరు వేస్తారు?

"ఇవాళ వేశారు కదండీ" అందావిడ. "సభ ముగిసిందని నేను అనలేదు. వల ఒడ్డుకి రానివ్వండి."

వల వచ్చింది. ఇసక మీద వెండి కుప్ప ఎగిరెగిరిపడింది. వాటాలు వేశాక, తడిబట్టలతో, చేతుల నిండా పొలుసులతో ఊరు మళ్ళీ షామియానా కిందికి వచ్చింది. ఒక్కొక్కరే మైకు పట్టుకుని వాళ్ళ భాషలో వాళ్ళు చెప్పారు. కాశమ్మ అయితే చెప్పలేదు, తిట్టింది. అంతా రికార్డయింది. మైకు మాత్రం కడిగినా వాసన పోలేదని తర్వాత తెలిసింది.

దాంతో గెలిచినట్టేనా? కాదు. ఫైలు పైకి వెళ్ళింది. పైన ఏమవుతుందో కిందివాళ్ళకి తెలీదు. వాలిన జెండా కర్రలు రెండూ మర్నాటికి మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి. వచ్చే వారం కలెక్టరాఫీసు దగ్గర అందరూ ధర్నాకి కూర్చోవాలని సభ రోజు సాయంత్రమే అనుకున్నారు.

గురునాథరావు తన వాటా కవళ్ళు కండువాలో మూటకట్టుకుని, మొగ దగ్గర ఇసకలో కూర్చున్నాడు. అవును, కూర్చున్నాడు. గెడ్డ నీళ్ళు ఆయన పాదాల ముందు నుంచే సముద్రంలోకి పోతున్నాయి. కాశమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"వచ్చే వారం కలెక్టరాఫీసుకి ఎల్దారి సరే. ఆ పొద్దున్న మళ్ళీ గుంపొచ్చీసిందనుకో, ఏటి సేద్దారి బాబూ?" అని, అలవాటుగా చెయ్యి చాపింది. "ఒట్టెయ్యమంటావా?"

ఆయన ఆ చేతిని వెనక్కి నెట్టేశాడు.

"ఒద్దు కాశమ్మా. గుంపొత్తే తాడట్టుకోండి. కలెక్టరాఫీసు కాడికి నానొక్కడినే ఎల్లి, మా అయ్య సెప్పిందే సెప్తాను."

కూర్చున్నది ఎంతసేపో కాదు లెండి. చివరి బస్సు హారన్ వినబడగానే మూట భుజాన వేసుకుని లేచాడు.